పాత్రను బట్టి పానం

వారమంతా కార్యాలయంలోనో కర్మాగారంలోనో పనిచేసి, శనివారం సాయంకాలం ఒక గ్లాసు బీరుతో కూర్చునే అలవాటు మన నగరాలలో ఈనాడు వింత కాదు. అట్టివారిని ఉద్దేశించినదే ఈ ప్రసంగం. అలవాటు లేనివారు దీనిని విని అలవాటు చేసికొననక్కరలేదు. చేసికొనకుండా ఉండడమే మేలని ముందుగానే మనవి చేస్తున్నాను. ఇంతవరకు త్రాగితే ఏ ప్రమాదమూ లేదని గీత గీసి చూపదగిన పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. కాబట్టి ‘మితం’ అనే మాటకు ఇక్కడ హాని లేనిదని అర్థం కాదు. హాని తగ్గినదని మాత్రమే.

అయినా త్రాగేవారు త్రాగుతూనే ఉన్నారు. వారిలో పెక్కుమంది మితంగానే త్రాగవలెనని మనఃపూర్వకంగా కోరుకొనేవారే. ఆ కోరిక ఎక్కడ దారి తప్పుతున్నది? మనోనిగ్రహం చాలకపోవడం వల్లనే అని పెద్దలు అంటారు. అది కొంతవరకు నిజమే కావచ్చు. కాని నిగ్రహం పరీక్షకు వచ్చేది రెండవ గ్లాసు దగ్గర కాదు. దుకాణం కిటికీ ముందు నిలబడి ఏ సీసా ఇమ్మని అడిగారో అక్కడ. ఇంటికి తెచ్చిన పాత్ర ఎంతదో, దానిలో ఉన్న పానీయం ఎంత తీవ్రమైనదో, ఆనాటి పానం చాలావరకు అంతే. ఈ మాటను కొంచెం వివరంగా విచారించుకొందాం.

మన దుకాణాలలో బీరు ప్రధానంగా రెండు కొలతల సీసాలలో దొరుకుతుంది. పెద్దది 650 మిల్లీలీటర్లు, చిన్నది 330. ఇవి గాక 500, 330 మిల్లీలీటర్ల డబ్బాలు ఉన్నాయి. తీవ్రతను బట్టి మళ్ళీ రెండు తెగలు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం ఆల్కహాలు 5 శాతం వరకు ఉన్నది సాధారణమైన బీరు. 5 దాటి 8 వరకు ఉన్నది స్ట్రాంగ్ బీరు. ఈ శాతం ఘనపరిమాణానికి సంబంధించినది, బరువుకు కాదు. ఆల్కహాలు నీటికంటె తేలిక. ఒక మిల్లీలీటరు సుమారు 0.79 గ్రాములు తూగుతుంది. ఈ రెండు సంగతులూ తెలిస్తే ఎవరి లెక్క వారే కట్టుకొనవచ్చు.

కట్టి చూద్దాం. సాధారణమైన బీరు చిన్న సీసాలో, అంటే 330 మిల్లీలీటర్లలో 5 శాతం చొప్పున పదహారున్నర మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. తూకానికి 13 గ్రాములు. అదే బీరు పెద్ద సీసాలో సుమారు 26 గ్రాములు. ఇంతవరకు లెక్క కంటికి కనిపించేదే. సీసా రెండింతలైతే సరుకూ రెండింతలు. ఇక 8 శాతం గల స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా తీసికొనండి. అందులో 52 మిల్లీలీటర్లు, అనగా 41 గ్రాములు. చీటీ మీద ‘8 శాతానికి మించదు’ అని వ్రాసి ఉన్నప్పుడు అసలు తీవ్రత కొంచెం తక్కువ ఉండవచ్చు గాని, లెక్కకు 8 అనే పట్టుకొనడం క్షేమం. సాధారణమైన చిన్న సీసాకూ స్ట్రాంగ్ పెద్ద సీసాకూ మధ్య భేదం రెండింతలు కాదు, మూడింతలు దాటింది. రెండింటినీ మనం ‘ఒక బీరు’ అనే అంటాము. చిక్కు ఈ ‘ఒక’ అనే మాటలోనే ఉన్నది. ఇద్దరు మిత్రులు చెరి ఒక బీరు త్రాగి, ఇద్దరూ మితంగానే త్రాగామని తృప్తి పడవచ్చు. ఒకరు పదమూడు గ్రాములు త్రాగారు, ఒకరు నలభైయొకటి.

ఈ అంకెలను దేనితో పోల్చుకొనడం? ఆస్ట్రేలియా దేశపు వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం ఆరోగ్యవంతులైన వయోజనులు వారానికి పది ప్రామాణిక పానాలను, ఏ ఒక్క రోజున చూచినా నాలుగింటిని మించరాదు. వారి ప్రామాణిక పానం 10 గ్రాముల ఆల్కహాలు. అంటే ఒక దినానికి పైమెట్టు 40 గ్రాములు. మన స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటే ఆ మెట్టును దాటిపోయింది. రెండవ దాని మాట చెప్పవలసిన పని లేదు. బ్రిటిష్ వైద్యాధికారులు 2016లో పెట్టిన సూచన స్త్రీ పురుషులకు ఒకటే: వారానికి 14 యూనిట్లు, అనగా సుమారు 112 గ్రాములు మించరాదు. దానికి వారు చేర్చిన మాట మన వారాంతపు త్రాగుబడికి సూటిగా తగులుతుంది. ఆ పరిమాణమంతా ఒకటి రెండు రోజులకు దాచిపెట్టి త్రాగవద్దు, మూడు రోజులకో అంతకు మించియో పంచుకొమ్మన్నారు. వారం రోజులు ముట్టలేదు గదా, శనివారం ఒక్కనాడు త్రాగితే తప్పేమి అనే వాదాన్ని మనం తరచుగా వింటాము. కాలేయానికి వారంలో మిగుల్చుకొన్న ఖాతా అంటూ ఏదీ లేదు. అది గంటకు ఏడెనిమిది గ్రాముల చొప్పున, కొందరిలో ఇంకొంచెం వేగంగా, కొందరిలో నెమ్మదిగా, తన పని తాను చేసుకొంటూ పోతుంది. నలభైయొక్క గ్రాములకు దానికి అయిదు గంటలు పైగా పడుతుంది. రెండు స్ట్రాంగ్ బీర్లు త్రాగినవానికి పది గంటలు. రాత్రి పది గంటలకు గ్లాసు దించిన మనిషి తెల్లవారి ఏడు గంటలకు స్కూటరు ఎక్కితే, తాను నిన్న త్రాగాననుకొంటాడు. అతని రక్తం ఇంకా త్రాగియే ఉండవచ్చు. మన మోటారు వాహనాల చట్టం 185వ విభాగం ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. రాత్రి త్రాగినదా, ఉదయం త్రాగినదా అని చట్టం అడగదు.

ఇక పెద్ద సీసాతో వచ్చే చిక్కు అంకెలలో ఉన్నదొక్కటే కాదు. దాని స్వభావంలోనే ఒక నిర్బంధం ఉన్నది. బీరులో బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి క్రింద కరిగి ఉంటుంది. ఆ నురుగు, నాలుకకు తగిలే ఆ చురుకు దానివల్లనే. ద్రవం చల్లగా ఉన్నంతసేపు వాయువు లోపల నిలుస్తుంది. వేడెక్కిన కొద్దీ వెలుపలికి పోతుంది. మూత తీసిన క్షణం నుంచి ఈ పలాయనం ప్రారంభం. నేడు మనం వాడే ముడుతల అంచు ఇనుపమూతకు అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి విలియం పెయింటర్ 1892లో పేటెంటు పొందాడు. ఆ మూత ఒత్తిడిని అద్భుతంగా ఆపుతుంది. కాని ఒకసారి వంచి తీసిన తరువాత మళ్ళీ బిగియదు. చవకగా, గట్టిగా, ఒకే ఒక్కసారికి పనికివచ్చేట్లు చేయడంలోనే దాని ప్రతిభ ఉన్నది. కాబట్టి పెద్ద సీసా తెరచినవాడు సగం త్రాగి సగం రేపటికి ఉంచుకొనలేడు. ఉంచినా రేపటికి అది చప్పబడిన బార్లీ కషాయమే. డబ్బు పోసి కొన్నది పారబోయడానికి మనసొప్పదు. పైగా మన వేసవిలో ఆలస్యం చేస్తే చివరి గ్లాసు వెచ్చబడుతుంది. కనుక తొందర కూడా తోడవుతుంది. అవసరమై త్రాగినది మొదటి సగం. రెండవ సగాన్ని త్రాగించినది సీసాయే.

ఇక్కడ మన కల్లుకుండ గుర్తుకు వస్తున్నది. తాటికల్లు, ఈతకల్లు చెట్టునుంచి దించిన వేళ తియ్యగా ఉండి, ప్రొద్దెక్కిన కొద్దీ పులిసి, సాయంకాలానికి ఘాటెక్కుతాయి. కల్లుకు పులియడం ఆగదు. ఏ నాటిది ఆ నాడే చెల్లవలె. ముంతలోనిది అయిపోతే మళ్ళీ చెట్టెక్కేదాకా లేదు. ప్రకృతి తనకు తానుగా పెట్టిన హద్దు అది. ఆ హద్దులోపల కూడా అతిగా త్రాగినవారు ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. బీరు అట్లా కాదు. అది కర్మాగారంలో పులియడం ముగించుకొని, వడపోతకు లోనై, చాలావరకు వేడితో శుద్ధి పొంది వస్తుంది. మూసిన సీసాలో నెలల తరబడి నిలుస్తుంది. ఇంటిలో పన్నెండు సీసాల పెట్టె పెట్టుకొంటే పన్నెండూ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. కల్లుకు కాలం హద్దు. బీరుకు మూత హద్దు. మూతలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే, అంటే పాత్ర ఎంత చిన్నదైతే, ఆగి ఆలోచించుకొనే మజిలీలు అన్ని ఎక్కువ.

ఇది ఊహ మాత్రమేనా అని కొందరికి సందేహం కలుగవచ్చు. బీరు కొలతను చట్టంతో ముడిపెట్టిన దేశాలలో ఇంగ్లండు ప్రసిద్ధమైనది. అక్కడ 1824 నాటి తూనికలు కొలతల చట్టం గాలనును స్థిరపరచింది. దానిలో ఎనిమిదవ వంతు పింటు, నేటి లెక్కలో 568 మిల్లీలీటర్లు. పానశాలలో గ్లాసు మీద ప్రభుత్వపు ముద్ర ఉంటుంది. మూడవ వంతు, సగం, మూడింట రెండువంతులు, పూర్తి పింటు, ఇవే అక్కడ పోయదగిన కొలతలు. అయినా పింటు అడగడమే పౌరుషం. సగం అడిగితే కొంచెం వెలితి. అయితే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇంగ్లండులోని పన్నెండు పానశాలలలో ఒక పరీక్ష చేసి 2024లో ఫలితం ప్రకటించారు. నాలుగు వారాలపాటు పింటును తొలగించి, మూడింట రెండువంతుల గ్లాసునే అన్నిటికంటె పెద్ద కొలతగా ఉంచారు. ఎవరినీ తక్కువ త్రాగమని బోధించలేదు. రెండవ గ్లాసు, మూడవ గ్లాసు అడగవద్దని అనలేదు. అయినా అమ్ముడైన బీరు పరిమాణం సగటున 9.7 శాతం తగ్గింది. ద్రాక్షసారా అమ్మకం కొంత పెరిగిందని కూడా వారు దాచకుండా చెప్పారు. మనిషి దాహాన్ని మిల్లీలీటర్లతో కొలుచుకొనడు, గ్లాసులతో లెక్కపెట్టుకొంటాడనే సంగతి దీనివల్ల బయటపడుతున్నది.

మాటవరుసకు చెబుతున్నాను: మన దుకాణాలలో చిన్న సీసాను పింటు అని పిలుస్తారు. అది ఇంగ్లీషు పింటులో ఆరుపాళ్ళకు కూడా కొంచెం తక్కువ. అమెరికా వారి పింటు మళ్ళీ వేరు, 473 మిల్లీలీటర్లు. వారు ఇంగ్లండు పాత ద్రాక్షసారా గాలనును పట్టుకొని ఉండిపోయారు. పేర్లను నమ్మి లాభం లేదు. సీసా మీది అంకెను చదువుకొనవలె.

పెద్ద సీసా ఎక్కడ ఉన్నా కీడే అని అనుకొనరాదు. జపానులో పెద్ద సీసా 633 మిల్లీలీటర్లు. మన దానికి దాదాపు తోబుట్టువు. ఈ వింత అంకెకు పన్నుల లెక్కే కారణం. 1940 నాటి మద్యపన్ను సంస్కరణ సందర్భంలో, అప్పటికి వేరువేరు కర్మాగారాలు వాడుతున్న పెద్ద సీసాలలో అన్నిటికంటె చిన్నదాని కొలతను అందరికీ ప్రమాణం చేశారు. ఆ సీసాను అక్కడ ఒక్కరు ముందు పెట్టుకొని కూర్చునే పద్ధతి తక్కువ. బల్లమధ్య ఉంచి, చిన్న చిన్న గ్లాసులలో ఒకరికొకరు పోసుకొంటారు. సీసా కొలత మనదే. త్రాగే కొలత మాత్రం గ్లాసుది. మన వారు ఈ పద్ధతిని నిరభ్యంతరంగా అనుకరించవచ్చు. చిన్న సీసా దుకాణంలో లేదని వట్టి చేతులతో తిరిగి రాలేనివారు పెద్ద సీసా ఒకటి తెచ్చి, దంపతులో మిత్రులో ఇద్దరు సమంగా పంచుకొంటే, చెరి 325 మిల్లీలీటర్లు. చిన్న సీసా లెక్కే అయింది. ‘తలకొక సీసా’ అనే మన లెక్కే మార్చుకొనవలసినది.

జర్మనీలోని కొలోను నగరపు ఆచారం ఇంకొక విశేషం. ఆ ఊరి బీరును సన్నగా నిటారుగా ఉండే 200 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తారు. దక్షిణాన మ్యూనిక్‌లో పండుగ గ్లాసు నిండా ఒక లీటరు. దానిలో కొలోను గ్లాసులు అయిదు పడతాయి. చిన్న గ్లాసు గనుక కొలోను వారు తక్కువ త్రాగుతారని అనుకొంటే పొరబాటే. గ్లాసు ఖాళీ కాగానే పరిచారకుడు అడగకుండానే నిండు గ్లాసు తెచ్చి పెడతాడు. కాని ఒక్కొక్క గ్లాసుకు ఒక్కొక్క గీత, గ్లాసు క్రింది అట్టబిళ్ళ మీద పెన్సిలుతో గీస్తాడు. ఇక చాలు అనుకొన్నవాడు ఆ బిళ్ళను తీసి గ్లాసు మీద మూతగా పెడతాడు. అది పెట్టేవరకు గ్లాసులు వస్తూనే ఉంటాయి. చిన్న పాత్ర మితానికి సాయపడవలెనంటే దానికి ఒక లెక్క, ఒక మూత, రెండూ ఉండవలె.

లెక్కా మూతా లేని చిన్న పాత్ర ఎంత అనర్థం తేగలదో మన తెలుగువారికి ఇతరులు చెప్పనక్కరలేదు. 1980ల దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో ‘వారుణి వాహిని’ పేరున ప్రభుత్వమే సారాను చిన్న చిన్న పాలిథీను సంచులలో నింపించి పల్లెపల్లెకు చేర్చింది. సంచి చిన్నది, వెల తక్కువ, జేబులో ఇముడుతుంది, పొలం గట్టున పంటితో కొరికి త్రాగవచ్చు. చిన్నదైనందువల్ల త్రాగుడు తగ్గలేదు సరికదా, సీసా కొనలేని కూలివాని దినకూలి కూడా దానిలో కరిగిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతటా స్త్రీలు లేచి నిలబడినది ఈ సంచుల మీదనే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఆ చరిత్ర శ్రోతలు ఎరిగినదే. చిన్న పాత్రను నేను పొగుడుతున్నానంటే, అది మెల్లగా త్రాగే తేలిక పానీయానికి, ఇంటికి ముందుగా లెక్కపెట్టి తెచ్చుకొన్నదానికి మాత్రమే వర్తిస్తుంది. వీధి మొగను మాటిమాటికి దొరికే చౌక సంచికి ఆ పొగడ్త చెందదు. అదే విధంగా, 180 మిల్లీలీటర్ల విస్కీ ‘క్వార్టరు’ను చూచి అది బీరు సీసాలో మూడవ వంతయినా లేదు గదా అని ఎవరూ మోసపోరాదు. దానిలోని ఆల్కహాలు 42.8 శాతం చొప్పున 60 గ్రాములు దాటుతుంది.

సీసా మంచిదా, డబ్బా మంచిదా అని చాలామంది అడుగుతారు. రుచి విషయంలో సీసాదే పైచేయి అనే నమ్మకం పాతది. మొదట బీరును డబ్బాలో పోసి అమ్మినది 1935 జనవరిలో, అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో. ఆనాటి డబ్బాలు ఉక్కురేకువి. వాటికి మొనతేలిన పనిముట్టుతో రంధ్రం పొడవవలసి వచ్చేది. ఇప్పటివి అల్యూమినియంవి, లోపల పలుచని పూత గలవి. గ్లాసులో పోసికొని త్రాగేవానికి లోహపు వాసన తగిలే అవకాశం లేదు. డబ్బాకు ఒక గొప్ప గుణం ఉన్నది: వెలుతురు చొరబడదు. బీరులోని చేదు హాప్స్ పూలనుంచి వస్తుంది. ఆ చేదుపదార్థాల మీద ఎండ పడితే గంధక సంబంధమైన ఒక ద్రవ్యం పుడుతుంది. రవ్వంత ఉన్నా ముక్కు దానిని పట్టుకొంటుంది, అమెరికా అడవులలో స్కంకు అనే జంతువు చిమ్మే దుర్గంధానికి అది చుట్టం. గోధుమరంగు సీసా ఈ వెలుతురును చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ సీసా అంతగా ఆపదు, తెల్ల సీసా అసలే ఆపదు. దుకాణం ముందు ఎండలో పేర్చిన పచ్చసీసాలను చూచి ముచ్చటపడి కొనడం కంటె, చీకటి మూలనుంచి తీసిన డబ్బా మేలు. సీసాకూ ఒక గుణం ఉన్నది. మన దేశంలో బీరు సీసాలు పాతసామాన్లవాని గోనెలో పడి, తిరిగి కర్మాగారం చేరి, కడిగించుకొని మళ్ళీ నిండి వస్తాయి. మెడ దగ్గర, పొట్ట దగ్గర తెల్లని గీరుడు వలయం కనిపిస్తే అది చాలా ప్రయాణాలు చేసిన సీసా అని గుర్తు.

మితం విషయంలో మాత్రం డబ్బా, సీసా అనే భేదం ముఖ్యం కాదు. 330 మిల్లీలీటర్ల డబ్బా మంచిది. 500 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ డబ్బా మంచిది కాదు. దానిలో 31 గ్రాములు దాటి ఉన్నది. చేతిలో ఇమిడిపోవడం వల్ల పెద్ద సీసా అంత భయం కలిగించదు, అదే దాని దోషం.

అమెరికాలో ఉన్న మన తెలుగువారి పరిస్థితి వేరు. అక్కడ మామూలు డబ్బా 355 మిల్లీలీటర్లు; 5 శాతపు బీరైతే 14 గ్రాములు, సరిగా ఆ దేశపు ఒక ప్రామాణిక పానం. ఇంత సుబోధమైన కొలత మనకు లేదని అసూయ పడవలసిందే. కాని అక్కడ ఒక్క డబ్బా కొనడం అరుదు. పన్నెండో ఇరవైనాలుగో పెట్టెగా కొంటేనే చవక. చిన్న పాత్రవల్ల వచ్చిన మేలు పెద్ద పెట్టెతో పోతుంది. పెట్టె కొనవలసి వస్తే దానిని గదిలో వేరొక చోట ఉంచి, ఆ పూటకు కావలసినవే శీతలపేటికలో పెట్టడం ఉత్తమం. వెచ్చని బీరు త్రాగాలని ఎవరికీ తోచదు; చల్లబడడానికి పట్టే కాలం ఒక చక్కని కావలి. ఇక రెండు లీటర్లకు దగ్గరగా పట్టే కూజాలు, పీపాలు ఉన్నాయి. అవి పదిమంది చేరే విందుకు తగినవి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి పీపా తెస్తే ఏమవుతుందో వేరే చెప్పనేల?

ధర ప్రసక్తి తప్పదు. చిన్న సీసాలో మిల్లీలీటరుకు పడే వెల సాధారణంగా పెద్ద సీసాకంటె ఎక్కువ. గృహస్థు బుద్ధి వెంటనే పెద్దది లాభం అంటుంది. బియ్యం, నూనె కొనేటప్పుడు ఆ బుద్ధి సరియైనదే. మిగిలినది రేపటికి వస్తుంది. తెరచిన బీరు రేపటికి రాదు. కావలసినది 330 మిల్లీలీటర్లయినప్పుడు, మిగిలిన 320 ఎంత చవకగా వచ్చినా అక్కరలేని సరుకే. రెండు చిన్న సీసాలు కొన్నవాడు ఒకటి త్రాగి ఒకటి మరుసటి వారానికి ఉంచుకొనగలడు. ఆ స్వేచ్ఛకు కొంచెం అదనంగా చెల్లించడం వృథా అని నాకు తోచదు.

ఈ లెక్కలన్నీ పెట్టుకొని ఒక వారాంతాన్ని ఊహిద్దాం. సాధారణమైన బీరు చిన్నసీసాలు మూడు. శనివారం రెండు, ఆదివారం ఒకటి. మొత్తం 39 గ్రాములు. ఒక్క స్ట్రాంగ్ పెద్ద సీసాకంటె తక్కువ, కాని మూడుసార్లు మూత తీసిన సంతోషం. శరీరం తూకం తక్కువైనవారికి, సాధారణంగా స్త్రీలకు ఇదే పరిమాణం ఎక్కువగా పనిచేస్తుంది. వారు శనివారపు రెండింటిని ఒకటి చేసికొనవచ్చు. గర్భిణులకు, నిద్రమాత్రలో ఇతర మందులో వాడేవారికి, కాలేయవ్యాధి ఉన్నవారికి, వాహనం నడపవలసినవారికి ఈ లెక్క లేదు. వారి అంకె సున్న. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను ఇరవైయొక్క ఏండ్లు నిండనివారికి అమ్మడం చట్టవిరుద్ధం.

గ్లాసు ఆకారం కూడా కొంత పని చేస్తుంది. వంపు తిరిగి పైన వెడల్పైన గ్లాసులో సగం ఎక్కడో కన్ను సరిగా పట్టలేదు. నిటారు గ్లాసులో పట్టగలదు. బ్రిస్టలు విశ్వవిద్యాలయంలో 2012లో జరిగిన పరిశీలనలో, వంపు గ్లాసులో పోసిన బీరును త్రాగినవారు నిటారు గ్లాసువారి కంటె చాలా త్వరగా ముగించారని తేలింది. మన ఇళ్ళలోని మామూలు స్టీలు గ్లాసు నిటారుదే గాని, లోపలిది కనిపించదు. నిటారు గాజుగ్లాసు ఒకటి ఉంటే చాలు.

అతిథులు వచ్చిననాడు మన మర్యాదయే మనకు అడ్డు వస్తుంది. ఎదుటివాని గ్లాసు సగం కాకముందే నింపడం మనకు ఆదరణ. అలా నింపిన గ్లాసుకు లెక్క లేదు, ఎవరు ఎంత త్రాగారో పోసినవారికీ తెలియదు, త్రాగినవారికీ తెలియదు. చిన్నసీసాలను బల్లమీద పెట్టి, ఎవరిది వారిని తెరచుకొమ్మనడమే అటువంటి పూట క్షేమం. పక్కన మంచినీళ్ళ కూజా, వేయించిన పల్లీలకంటె కడుపు నింపే పదార్థం ఏదైనా ఉండవలె. ఆహారం ముందుగా పడితే ఆల్కహాలు రక్తంలోకి మెల్లగా చేరుతుంది. తీసిన మూతలను చెత్తబుట్టలో వేయక, ఒక్కొక్కరి ముందు ఒక చిన్న పళ్ళెం పెట్టి అందులో వేయించండి. కొలోనులో పెన్సిలు గీత చేసే పనిని ఇక్కడ ఇనుపమూత చేస్తుంది. రెండవ మూత పడిన చప్పుడు వినగానే గృహిణియో గృహస్థో లేచి అన్నం వడ్డించవచ్చు.